ఏడుగళ్ళ ఆటవెలది: సటీకా తాత్పర్యం

ఏడు గళ్ళ నడుమ నేలెడి రాజును
విడిచి మాట కట్ట వెఱ్ఱితనము
ఎస్సు నచట వెదుక నెన్నడు దొరకదు
పూర్ణపదము తోచుఁ బుణ్యమున్న

అవతారిక: ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. వ్యాఖ్య రాయాలన్న సరదా ముందు పుట్టి, దాని కోసం పద్యం తర్వాత పుట్టింది. ఇందులో విషయం న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆట. 2014లో ఆ పత్రిక మ్యాగజైన్‌లో అచ్చయి, 2018లో ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ వచ్చింది. అమెరికాలో మన పిల్లలు వేదికనెక్కి అక్షరాలు అప్పజెప్పే పోటీకీ దీనికీ పేరొక్కటే ఉమ్మడి. అక్కడ మాట ఇచ్చి అక్షరాలు అడుగుతారు. ఇక్కడ అక్షరాలిచ్చి మాట అడుగుతారు.

ప్రతిపదార్థం: ఏడు గళ్ళ = తేనెపట్టు గదుల్లా ఆరేసి అంచులున్న ఏడు గళ్ళకు; నడుమన్ = మధ్యన; ఏలెడి = పెత్తనం చేసే; రాజును = తప్పనిసరిగా వాడవలసిన అక్షరాన్ని; విడిచి = వదిలేసి; మాట కట్టన్ = నాలుగక్షరాలకు తగ్గని ఇంగ్లీషు మాట కూర్చబోతే; వెఱ్ఱితనము = పాయింటు రాని పని; ఎస్సున్ = ఎస్ అనే అక్షరాన్ని; అచట = ఆ గళ్ళలో; వెదుకన్ = ఎంత వెదికినా; ఎన్నడు దొరకదు = దొరికే ప్రశ్నే లేదు; పూర్ణపదము = ఏడక్షరాలూ కనీసం ఒక్కొక్కసారైనా వచ్చే మాట, ఆటగాళ్ళ భాషలో పాన్‌గ్రామ్; పుణ్యమున్న తోచున్ = రాసిపెట్టి ఉంటే తడుతుంది.

ఇక్కడ ‘రాజును’ అనడం దోషం. తేనెపట్టులో రాజెక్కడ? ఉండేది రాణీ ఈగ. ఆటలో కూడా జాబితాలోని మాటలన్నీ పట్టేసినవారికి ఇచ్చే బిరుదు క్వీన్ బీ. పోనీ ఛందస్సు కోసం అన్నాడందామంటే ‘రాణిని’ అన్నా గణం చెడదు. కవికి వెనకేసుకురావడానికి ఏమీ మిగల్లేదు.

ఎస్ మీద నిషేధం ఎందుకు? అది ఉంటే దొరికిన ప్రతి నామవాచకానికీ తోక తగిలించి బహువచనం చేసేస్తారు. శ్రమ ఒకసారి, కూలి రెండుసార్లు. ఆ దారి మూసేశారు.

మరి నిఘంటువులో ఉన్న ప్రతి మాటా చెల్లుతుందా అని పూర్వపక్షం. చెల్లదు. సంపాదకుడి జాబితాలో ఉండాలి. మరీ అరుదైన మాటలను ఆయన పక్కన పెడతాడు. ఆటగాళ్ళ నిత్యకలహమంతా దీని మీదే.

ఇక ఉదాహరణం. ఏడక్షరాలు: సి, ఈ, ఐ, ఎల్, ఎన్, ఓ, వి. నడుమ వి అనుకుందాం. ఒక అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చన్నది ఈ ఆటలోని అసలు కీలకం. దీన్ని పద్యంలో చెప్పకపోవడం కవి చేసిన రెండో తప్పు. మొదట లవ్, లివ్, ఈవిల్, వెయిల్ వంటి నాలుగక్షరాల మాటలు చేతికందుతాయి. వీటికి తలా ఒక పాయింటు. ప్రేమకీ దుష్టత్వానికీ ఒకే ధర. నాలుగు దాటితే అక్షరానికొక పాయింటు. నావిస్‌కి ఆరు, కన్విన్స్‌కి ఎనిమిది. కన్వీనియెన్స్ దొరికితే ఏకంగా పదకొండు. అంత పొడుగు మాట పట్టాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అందులో ఎల్ లేదు, కనుక అది పూర్ణపదం కాదు.

వయొలెన్స్ పూర్ణపదమే: అక్షరాలకు ఎనిమిది, ఏడూ వచ్చాయి గనుక అదనంగా ఏడు, మొత్తం పదిహేను. దానికంటే పొడుగు పూర్ణపదం నాన్‌వయొలెన్స్. ఎన్, ఓ, ఎన్, వి, ఐ, ఓ, ఎల్, ఈ, ఎన్, సి, ఈ. అక్షరాలకు పదకొండు, ఇక్కడా అదనంగా ఏడు. మొత్తం పద్దెనిమిది. హింసకు పదిహేను, అహింసకు పద్దెనిమిది!

‘పుణ్యమున్న’ అన్న మాటను వ్యాఖ్యాత బొత్తిగా ఒప్పుకోడు. ఇది పుణ్యంతో పని కాదు, ప్రత్యయంతో పని. గళ్ళలో ఈ, ఎన్, సి కనబడగానే అనుభవజ్ఞుడు ‘ఎన్స్’ అనే తోకను ముందు అతికించి పెట్టుకుంటాడు. ఎన్, ఓ కనబడితే ‘నాన్’ అనే తలను, సి కూడా ఉంటే ‘కన్’ అనే తలను సిద్ధం చేస్తాడు. తలా తోకా కుదిరాక నడుమ ఖాళీ పూరించడమే మిగిలింది. పెద్ద మాటలను గుర్తుకు తెచ్చుకోబోయేవాడు ఓడిపోతాడు. ఉపసర్గలు పేర్చేవాడు గెలుస్తాడు. సంస్కృత వ్యాకరణం చదివినవాడికి ఇది చద్దన్నం.

పాఠాంతరం బ్రిటన్‌ది. 1982 నవంబరు 2న చానెల్ 4 ప్రసారాలు మొదలైన రోజునే మొదలైన కౌంట్‌డౌన్‌లో తొమ్మిదక్షరాలిస్తారు, ముప్ఫై సెకన్ల గడువు. అక్కడ ఇచ్చిన అక్షరాన్ని ఒకేసారి వాడాలి, నడుమ రాజులెవరూ ఉండరు. తొమ్మిదీ వాడిన మాటకు అక్కడా పద్దెనిమిదే. ఈ ఆటకు మూలం 1965 నాటి ఫ్రెంచి కార్యక్రమం. వాళ్ళు దానికి ‘అన్నిటికంటే పొడుగు మాట’ అనే పేరు పెట్టి దాపరికం లేకుండా ఆడుకున్నారు.

విశేషాంశాలు: ఫెసీషియస్‌లో ఏ, ఈ, ఐ, ఓ, యు అదే వరసలో వస్తాయి. అవే అయిదూ తలకిందులుగా కావాలంటే సబ్‌కాంటినెంటల్ చూడాలి, మన ఉపఖండపు మాటే. ఒక్క అక్షరమూ రెండోసారి రాని పదిహేనక్షరాల మాట అన్‌కాపీరైటబుల్. ఇవి భాషలో వాటంతటవి పండినవి. 1935లో అమెరికన్ పజిల్ ప్రియుల సంఘాధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ ఊపిరితిత్తుల జబ్బు పేరిట కట్టిన నలభై అయిదక్షరాల మాట అలాంటిది కాదు. పొడుగు కోసమే పొడిగించినది. నిఘంటువుల్లోకి ఎక్కినా సరే, వ్యాఖ్యాత దాన్ని ప్రక్షిప్తమనే అంటాడు.

తాత్పర్యం స్పష్టమే గనుక రాయడం లేదు. బదులుగా చదువరులకు అభ్యాసం: పై ఏడక్షరాల్లో వి బదులు ఎల్‌ను నడుమ పెట్టండి. కన్వీనియెన్స్, కన్విన్స్, నావిస్ రాలిపోతాయి. ఆన్‌లైన్, కర్నల్, ఐసికిల్ వచ్చి చేరతాయి. మిగిలినవి మీరు పట్టండి, నాలుగక్షరాలకు తగ్గకుండా.