కుయ్‌మంటే బంగారమేనా?

తెల్లాపూర్‌లో ఆదివారం పొద్దున ఆరున్నరకు రోడ్డు మీద కనిపించేది మూడు రకాల మనుషులు: వాకింగ్ వాళ్లు, పాల ప్యాకెట్ల వాళ్లు, ప్లాట్లు చూడ్డానికొచ్చినవాళ్లు. నాలుగో రకం ఈ మధ్యే తయారైంది. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడవాటి కడ్డీ, దాని చివర పళ్లెం. అటూఇటూ టవర్లు లేచినా ఇంకా ఖాళీగానే మిగిలిన స్నేహితుడి ప్లాటులో, నేలకు ఇస్త్రీ చేస్తున్నట్టు నడుస్తుంటాడు. ఇతన్ని డిటెక్టర్ బాబు అందాం. రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఆన్‌సైట్ చేసొచ్చాడు. అందరూ చాక్లెట్లు తెస్తారు, ఇతను హాబీ తెచ్చుకున్నాడు.

కుయ్‌మంది.

టీ బండి దగ్గర్నుంచి ముగ్గురు లేచొచ్చారు. నాలుగు పేటల రుద్రాక్షలతో నిధి స్వామి, రిటైరైన సోషల్ టీచరు పెద్దసారు, మూడు చక్రాల బండితో పాతసామాన్ల అన్న.

"ముట్టుకోకు నాయనా! కింద కాపలా ఉంటుంది. ముందు నల్లకోడి..."

"స్వామీ, ఇది కాపలా సర్పాలకు మోగదు. ఈ పళ్లెంలో రెండు తీగచుట్టలున్నాయి. ఒకదాంట్లో కరెంటు దిశ మారుతుంటే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే దాంట్లో సుడి కరెంట్లు లేస్తాయి. రెండో చుట్ట వాటిని పట్టుకుంటుంది."

"ఎంత లోతు దాకా?" పెద్దసారు అడిగాడు.

"రూపాయి బిళ్లంతదైతే జానెడు సార్. మహా అయితే జానెడున్నర."

"ఈ ప్లాటు మీద పోసిన మొరమే రెండడుగులుంటది. అంటే నువ్వు వెతికేది తెల్లాపూర్ భూమిని కాదు బాబూ, టిప్పర్ తెచ్చిపోసిన మట్టిని."

బాబు చిన్న తాపీతో తవ్వాడు. తుప్పుపట్టి వంకరపోయిన మొల, దానికి చుట్టుకుని బైండింగ్ వైరు.

"సెంట్రింగ్ మొల సార్. గిటు ఇయ్యి," అని అన్న గోనెసంచి తెరిచాడు.

బాబు నీరసపడలేదు. "1992 నవంబరులో సఫోక్‌లోని హాక్సన్ ఊరి పొలంలో ఒకాయన, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతూ పోతే దాదాపు 15 వేల రోమన్ నాణేలు బయటపడ్డాయి. తవ్వుకుపోకుండా కబురు చేశాడు. బహుమానం పదిహేడున్నర లక్షల పౌండ్లు! ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది."

"సుత్తి గూడనా? కిలో లెక్కన అమ్మలే?" అన్న నిజంగానే బాధపడ్డాడు.

"విదేశాల సంగతి ఎందుకు? మన రాజులు పూడ్చినవి లేవా?" అన్నాడు స్వామి.

పెద్దసారు ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. "2012 డిసెంబరులో సైఫాబాద్‌లో ఒక బడి ఆవరణను పురావస్తు శాఖే తవ్వింది. నిధి లేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలోకొస్తే కేంద్రం వాళ్లు తవ్వారు. బంగారం లేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో తవ్వితే ఎముకలు, ఇటుకలు."

"చెన్నంపల్లిలో ముహూర్తం తప్పు."

"దౌండియా ఖేడాలో?"

"ఆ స్వామిది వేరే స్కూలు."

బాబుకు మాత్రం వాటా బెంగ పట్టుకుంది. నిజంగా దొరికితే ఎవరిదని అడిగాడు. దానికి 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది. నేలలో దాగిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దాస్తే ఏడాది దాకా జైలు. అసలు సొంతదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవాడికి ముప్పాతిక, స్థలం వాళ్లకు పాతిక. సర్కారు కావాలనుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. పది రూపాయలంటే ఆనాడు చిన్న సొమ్మేం కాదు. ఇవాళ టీ బండి వాడు కూడా దానికి నిండు కప్పు ఇవ్వడు.

"స్థలం ఓనరుకు పాతికనా? గీ తెల్లాపూర్ల ఓనరెవరో కోర్టు తేల్చేసరికి బంగారం గూడ తుప్పు పడ్తది సార్."

"పాత దస్తావేజులు చూశావా?" పెద్దసారు బాబు భుజం మీద చెయ్యేశాడు. "అమ్మేటప్పుడు నిధి నిక్షేప జల పాషాణాలతో సహా అని రాసేవాళ్లు. అందరికీ నిధి మీదనే కన్ను. ఈ ఊరి సొమ్ము పాషాణంలో ఉంది. బహమనీ సుల్తాన్ ఫిరోజ్‌షా నాటి శాసనం, 15వ శతాబ్దంది. అందులో ఊరి పేరు తెలుంగణపురం. తెలంగాణ అనే మాట పాతదనం గురించి మాట్లాడేవాళ్లు ఈ రాయిని తలవకుండా పోరు. దాని మీద నీ పళ్లెం పెడితే?"

"కూయదు సార్," బాబు గొంతు తగ్గింది. "రాయి కదా."

"నాణేలే కావాలంటే కొండాపూర్ పో."

"మా ఆఫీసు అక్కడే సార్!"

"హైటెక్ సిటీ పక్కది కాదు నాయనా, సంగారెడ్డి దాటినంక వచ్చేది. అక్కడి మట్టిదిబ్బను 1940 ప్రాంతంలో, డైరెక్టరు యాజ్దానీ హయాంలో, నిజాం పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహనుల నాణేలు వేలల్లో దొరికాయి. రాగివి, సీసంవి. ఏ పొరలో, ఏ కుండ పక్కన దొరికిందో రాసుకుంటూ తీశారు కాబట్టే అవి చరిత్ర అయినయి. నీలాగ కుయ్‌మన్నచోటల్లా గోకి జేబులో వేసుకుంటే ఒట్టి చిల్లర."

ఎండ ఎక్కింది. బాబు గంటన్నర ఆస్తిని అన్న తరాజులో పోశాడు: మొలలు, సలాక ముక్కలు, ఒక గొళ్లెం. నాలుగు వందల గ్రాములు.

"పన్నెండు రూపాయలు సార్."

"పది దాటింది!" అన్నాడు స్వామి. "కలెక్టర్‌కు చెప్పాలా?"

కొండాపూర్ వెళ్దామనుకునే పాఠకులకు ఒక మాట: అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు.