గుర్రానికి స్టడీ అవర్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మావయ్య ఇరవై ఏళ్లుగా మలక్‌పేట రేసుకోర్సు పక్కనుంచే స్కూటర్ మీద వెళ్లొస్తున్నారు. ఒక్కనాడూ లోపలికి అడుగు పెట్టలేదు. గుర్రప్పందేలు కొంపలు ముంచుతాయని వాళ్ల నాన్నగారు ఆయనకు చెప్పారు, ఆయన మేనల్లుడికి చెప్పారు. అలాంటి మనిషి దసరా సెలవుల్లో అర్ధరాత్రి రెండింటికి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని "ఉరుకు తల్లీ, ఉరుకు!" అని కేకలు పెట్టారంటే ఆ పాపం మేనల్లుడిదే.

ఆట పేరు ‘ఉమా ముసుమే: ప్రెట్టీ డెర్బీ’. పేరులో ఉమ ఉంది కాబట్టి ఏదో భక్తి ఆట కాబోలనుకుని అత్తయ్య రెండు రోజులు ఊరుకుంది. జపాన్ భాషలో ఉమా అంటే గుర్రం, ముసుమే అంటే అమ్మాయి. అసలు రేసుల్లో పరిగెత్తిన గుర్రాల పేర్లతో, చెవులూ తోకలూ ఉన్న అమ్మాయిలు ఇందులో పరిగెత్తుతారు. ఆడేవాడు ట్రైనరు. గుర్రం ఎక్కడుందని మావయ్య పావుగంట వెతికారు. "ఆ అమ్మాయే గుర్రం మావయ్యా" అన్నాడు మేనల్లుడు.

జపాన్ వాళ్లకు ఇంట్లో కూర్చుని గుర్రాలు సాకే సరదా పాతదే. 1991లోనే ఫ్యామికామ్ అనే ఆటల యంత్రం మీద ‘డెర్బీ స్టాలియన్’ వచ్చింది. ఆడగుర్రాన్ని కొనడం, మంచి మగగుర్రంతో సంబంధం కుదర్చడం, పుట్టిన పిల్లను పందేనికి తయారుచేయడం అందులో పని. 1993లో కోయీ కంపెనీ ‘విన్నింగ్ పోస్ట్’ తెచ్చింది. సైగేమ్స్ వారి ఉమా ముసుమే జపాన్‌లో 2021 ఫిబ్రవరిలో, ఇంగ్లిషులో 2025 జూన్‌లో విడుదలైంది. అది మేనల్లుడి దాకా రావడానికి వారం కూడా పట్టలేదు.

శిక్షణలో ఐదు సబ్జెక్టులు: వేగం, దమ్ము, బలం, పట్టుదల, తెలివి. మూడేళ్ల కోర్సు. ఒక్కో ఎత్తుకు పదిహేను రోజులు గడుస్తాయి. ఇది విన్నాక మావయ్యను పట్టడం ఎవరి తరం? తెల్ల కాగితం మీద గళ్లు గీసి టైంటేబుల్ వేశారు. ఆదివారం లేదు, ఔటింగు లేదు. శిక్షణ ఇచ్చిన కొద్దీ గుర్రం ఓపిక గీత తగ్గుతుంది, శిక్షణ విఫలమయ్యే శాతం పెరుగుతుంది. తెర మీద ఎర్రగా 40 శాతం కనబడింది.

"ఆపు మావయ్యా, పడుకోబెట్టు."

"నలభై ఫెయిలంటే అరవై పాసేగా? ఫస్టు క్లాసురా!"

గుర్రం బొక్కబోర్లా పడింది. మార్కులు తగ్గాయి, మూడ్ చెడింది. అయినా ఆయన మళ్లీ నొక్కారు. రెండోసారీ పడింది. లెక్కల మాస్టారికి సంభావ్యత పుస్తకంలో ఒకలా, బతుకులో ఇంకోలా పనిచేస్తుందని అత్తయ్యకు పెళ్లినాటి నుంచే తెలుసు.

మేనల్లుడు చెప్పిన చిట్కాలు నిజానికి బంగారం లాంటివి. ఓపిక అడుగంటక ముందే పడుకోబెట్టాలి. తెలివి క్లాసు పెడితే ఓపిక తగ్గకపోగా కాస్త పెరుగుతుంది కూడా. మూడ్ బాగాలేకపోతే షికారుకు తీసుకెళ్లాలి, లేదంటే శిక్షణ తలకెక్కదు, పందెంలోనూ కాలు సాగదు. రెండో ఏడూ మూడో ఏడూ జులై, ఆగస్టు నెలల్లో వేసవి శిబిరం ఉంటుంది. అక్కడ ఐదు క్లాసులూ పై స్థాయిలో నడుస్తాయి కాబట్టి, జూన్ చివర్లో విశ్రాంతి ఇచ్చి ఓపిక నింపుకుని వెళ్లాలి. మావయ్య మొదటిసారి శిబిరమంతా గుర్రాన్ని నిద్రపుచ్చడంతోనే గడిపారు.

సహాయక కార్డులు ఆరు. ఐదు సొంతం, ఆరోది వేరే ఆటగాడి దగ్గర అరువు. పక్కింటి కాఫీపొడి లాంటిదే, బాగా మంచిదే అడగాలి. గుర్రం కన్నా కార్డులే ముఖ్యమని ఆరితేరినవాళ్లు అంటారు. ఆ కార్డులు మాత్రం లాటరీలో రావాలి. రేసుకోర్సు గేటు తొక్కని మావయ్య, ఉచితంగా ఇచ్చిన రత్నాలన్నీ మొదటి రాత్రే ఆ లాటరీలో ఊదేశారు. ఇంకో వంద రూపాయలు పెడితే ఏమవుతుందని వెతుకుతుంటే అత్తయ్య ఫోను లాక్కుంది. ఈ ఆటలో నిజంగా జాగ్రత్తపడాల్సిన చోటు అదొక్కటే.

కొత్తవాళ్లు సకురా బకుషిన్ ఓ తో మొదలుపెడితే సుఖం. అసలు గుర్రం 1993, 1994ల్లో వరసగా స్ప్రింటర్స్ స్టేక్స్ గెలిచింది. 1200 మీటర్ల పందెం అది. ఆటలోనూ ఆమెకు వేగం నూరిపోస్తే చాలావరకు గట్టెక్కుతుంది. మావయ్య వినలేదు. ఆయన కన్ను గులాబీ జుట్టున్న హరు ఉరారా మీద పడింది. వెనకబెంచీ పిల్లలంటే ఆయనకు మొదటినుంచీ బలహీనత.

అసలు హరు ఉరారా కొచి రేసుకోర్సు గుర్రం. 113 పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదు. ఓటమికే దేశమంతా పేరొచ్చింది. 2004 మార్చిలో జపాన్‌లోకెల్లా పేరున్న జాకీ యుటాకా టాకే ఎక్కినా పదకొండింటిలో పదోది అయింది. ఆమె మీద కొన్న టిక్కెట్లను జనం తాయెత్తుల్లా దాచుకునేవారు. ఎంతకీ తగలని టిక్కెట్టు కదా, దగ్గరుంటే బండి కూడా తగలదని నమ్మకం. మనకూ లాటరీ తగులుతుంది, లారీ తగులుతుంది. అందుకే ఈ చమత్కారం మావయ్యకు ఒక్కదెబ్బకు అర్థమైంది. ఆట ఇంగ్లిషులో వచ్చాక విదేశీ అభిమానులు ఆ ముసలి గుర్రానికి గడ్డి కొనిపెట్టారు. 2025 సెప్టెంబరులో, 29వ ఏట, అది కన్నుమూసింది.

ఆటలో చిక్కేమిటంటే ఉరారా మట్టి ట్రాకు మీద, పొట్టి దూరాల్లో ఏ గ్రేడు. పచ్చికా పొడుగు దూరమూ జి గ్రేడు. ఆమె చివరి పరీక్ష మాత్రం అరిమా కినెన్: పచ్చిక మీద 2500 మీటర్లు. బైపీసీ పిల్లను జేఈఈలో కూర్చోబెట్టడమే. మొదటిసారి పదహారు మందిలో పదహారు. రెండోసారీ అంతే. మావయ్య అన్నం తినకుండా పడుకున్నారు.

దానికీ మార్గముంది. ముందు వేరే గుర్రాలను తయారుచేసి, వాటిలో పచ్చికా పొడుగు దూరమూ కలిసొచ్చేవాటిని ఉరారాకు పెద్దలుగా పెడితే ఆ గుణాలు ఆమెకు సంక్రమించి గ్రేడు పెరుగుతుంది. ఆపైన దమ్ము బాగా పట్టించి, పరుగు మధ్యలో ఊపిరి కూడదీసుకునే నైపుణ్యాలు నేర్పాలి. వంశం చూడనిదే సంబంధం ఒప్పుకోని అత్తయ్య ఈ పెద్దల ఎంపికలో స్వయంగా చేయి వేసింది.

నెల తర్వాత ఒక శనివారం రాత్రి ఉరారా అరిమా కినెన్ గెలిచింది. పొద్దున్నే మావయ్య ఆమె బొమ్మ ప్రింటు తీయించి స్కూటర్ ముందు అంటించుకున్నారు. మలక్‌పేట దాటకముందే ఆటో ఒకటి రాసుకుపోయి అద్దం విరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది.

మేనల్లుడు దూది పెడుతూ అన్నాడు: "గెలిపించేశావుగా మావయ్యా, ఇంక తగలక ఏం చేస్తుంది?"