చుక్కకు అర్థం అడగలేదు

రెండు పట్టికల్లో గడి పేరు కలిస్తే అర్థమూ కలిసినట్టేనని నమ్మాను. నా తెలివితక్కువతనమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు డిజిటల్ ట్విన్ కట్టాలనుకున్నాను. పొలానికీ బాయి మోటారుకూ మరమగ్గానికీ కంప్యూటర్లో జంట రూపం ఉండాలి, నేల మీద ఏది మారినా అక్కడా మారాలి. విస్తీర్ణం, కరెంటు సర్వీసు నంబరు, నీటిమట్టం అన్న గడులను ఒకదానికొకటి జోడించి, పని అయిపోయిందనుకున్నాను.

కోరుట్ల దగ్గర పసుపు రైతు ఒకాయన తెర మీద తన భూమిని చూశాడు. పాసుపుస్తకంలో ఒక సర్వే నంబరులో 2.20, ఇంకోదాంట్లో 1.25. నేను చూపింది 3.45 ఎకరాలు. "గట్లెట్లయితది సారూ? నాలుగెకరాల అయిదు గుంటలు గదా!" అన్నాడు. ఎకరానికి 40 గుంటలు. చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. నేను దశాంశమనుకున్నాను. నీటి అవసరం, ఎరువు, దిగుబడి, ఆ అంకె మీద కట్టినవన్నీ తప్పాయి.

తర్వాతి తప్పు కరెంటు దగ్గర. సిరిసిల్లకు కరెంటిచ్చేది 1970లో పుట్టిన సహకార సంస్థ సెస్. జగిత్యాల, కోరుట్లలకు ప్రభుత్వ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్. సర్వీసు నంబరు అన్న గడి రెండుచోట్లా ఉంది. పొలం దగ్గర అది ఒక మోటారు. కార్ఖానాలో దాని మీదే ఎన్నో సాంచాలు (మరమగ్గాలు) నడుస్తాయి. సర్వీసుకొక సాంచా అని లెక్కగట్టి, నేత కార్మికుల కష్టాన్ని తక్కువ చేసి చూపాను. నీటిమట్టం దగ్గరా అంతే. శ్రీరాంసాగర్ జలాశయం నిండు మట్టం 1,091 అడుగులు, మధ్యమానేరుది 318 మీటర్లు. ఆ రెంటినీ ఒకే గడిలో పోశాను.

ఏ వస్తువును, ఏ గుణాన్ని, ఏ పరికరంతో గమనించారో చెప్పే సోసా ఆంటాలజీ 2017 నుంచే ప్రమాణంగా ఉంది. కొలమానాల కోసం క్యూయూడీటీ (QUDT) ఉంది. అవి పెద్ద ఫ్యాక్టరీలకేనని పక్కనపెట్టాను. గుంటంటే 121 చదరపు గజాలని వాటి పద్ధతిలో ఒక్కసారి రాసిపెడితే, రేపు మెట్‌పల్లిలోనో వేములవాడలోనో ఇదే పని చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

అంతకన్నా పెద్ద తప్పు, అర్థాన్ని చివర్లో అతికించవచ్చనుకోవడం. ఆ అర్థం రైతుకు తెలుసు, సాంచా నడిపేవాడికి తెలుసు. ముందు వాళ్లనడిగి ప్రతి అంకె పక్కన దాని కొలమానమూ, అది దేన్ని లెక్కిస్తుందో కూడా రాయాలి. పట్టికలు కలపడం ఆ తర్వాతి పని.