నొప్పి లేదు, మచ్చ లేదు, సిగ్గూ లేదు

ఒకప్పుడు జనం పొట్ట చేతపట్టుకుని హైదరాబాద్ వచ్చేవారు. ఇప్పుడు అదే పొట్ట చేతపట్టుకుని క్లినిక్కులకు వెళుతున్నారు, తీసెయ్యమని. తప్పేం లేదు. ఎవరి పొట్ట వారిది, ఎవరి ముక్కు వారిది, ఎవరి బట్టతల వారిది. అందం కొరుక్కు తింటామా అని సణిగే పెద్దల జట్టులో నేను లేను. నా పేచీ అద్దం చూసుకునేవాళ్లతో కాదు, మెట్రో పిల్లర్లెక్కి పిలిచే బోర్డులతో.

ఆ బోర్డుల ప్రకారం కాస్మెటిక్ సర్జరీలో అన్నీ ఉంటాయి, సర్జరీ తప్ప. కోత లేదట. నొప్పి లేదట. మచ్చ అసలే లేదట. పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చట. వడ్డీ లేని ఈఎంఐ ఉంది, ఆషాఢం తగ్గింపు ఉంది. ఇంక పట్టుచీరకి జాకెట్ గుడ్డ ఉచితం అనడమే తరవాయి.

ముందు పొట్ట సంగతి చూద్దాం. లైపోసక్షన్ అంటే చిన్న గాట్లు పెట్టి, గొట్టం దూర్చి, చర్మం కింద ఉన్న కొవ్వును లాగెయ్యడం. మగవాళ్ల గట్టి బానపొట్టలో కొవ్వు చాలావరకు కండరాల గోడ వెనక, పేగుల చుట్టూ ఉంటుంది. అక్కడికి ఆ గొట్టం పోదు, పోకూడదు కూడా. ఒక్క విడతలో సుమారు 5 లీటర్లు దాటి లాగితే ప్రమాదం పెరుగుతుందని సర్జన్లే గీత గీసుకున్నారు. అంటే ఇది ఆకారం సరిచేసే పనే తప్ప బరువు తగ్గించే వైద్యం కాదు. తరవాత కొన్ని వారాలు బిగుతు బెల్టు కట్టుకోవాలి. వాపు పూర్తిగా తీయడానికి నెలలు పడుతుంది. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో అడ్డుపడటం అరుదే కానీ, పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా రాయడానికి బోర్డు మీద చోటు చాల్లేదు కాబోలు. సన్నటి నడుం బొమ్మకే సగం పిల్లరు ఖర్చయిపోయింది.

ఇక జుట్టు. ‘మీ పాత జుట్టు మళ్లీ మీ సొంతం’ అంటారు. నిజానికి కొత్తగా ఒక్క వెంట్రుకా పుట్టదు. తల వెనక పీకి ముందు నాటడమే, అచ్చం వరినాటు. నారుమడి ఎంత ఉంటే నాటు అంతే. పైగా నాటిన వెంట్రుకలు చాలావరకు కొన్ని వారాల్లోనే రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకు మొలకెత్తుతాయి. పంట కళ్లజూడాలంటే ఏడాది ఆగాలి. ముహూర్తానికి నెల ముందు నాటు వేయించుకున్న పెళ్లికొడుకు పీటల మీద తలపాగా తియ్యకపోవడం ఉభయకుశలం.

నాటేది ఎవరన్నది ఇంకో కథ. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసినంత మాత్రాన ఈ పని చేయడానికి చాలిన శిక్షణ అయినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలలో రాయాల్సి వచ్చింది. కమిషన్‌కి ఆ అనుమానం నిద్రలో వచ్చి ఉండదు.

మరి ప్రకటనల మాటేమిటి? నేరుగా గానీ చాటుగా గానీ, సంస్థ పేరుతో గానీ రోగులను ఇలా పిలవడం అనైతికమని 2002 నాటి వైద్యుల నియమావళి తేల్చి చెప్పింది. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, అలాంటి కొద్ది సందర్భాల్లో మాత్రం పత్రికలో చెప్పుకోవచ్చంది. జుట్టు చిరునామా మార్చడం కూడా ఆ మినహాయింపులోకే వస్తుందని మనవాళ్లు అర్థం చేసుకున్నట్టున్నారు.

ఫొటోల దగ్గరకొస్తే, ‘బిఫోర్’లో మనిషి బిక్కమొహంతో ట్యూబ్‌లైటు కింద పొట్ట వదిలేసి నిలబడతాడు. ‘ఆఫ్టర్’లో ఊపిరి బిగబట్టి, నవ్వి, పక్కకి తిరుగుతాడు. సగం సర్జరీ ఫొటోగ్రాఫరే చేశాడు. మాట్లాడితే ‘సుశ్రుతుడు పుట్టిన గడ్డ’ అని గొప్పలొకటి. ఆ గడ్డ మీది అసలు ఆఫ్టర్ ఫొటో ఎలా ఉందో చూశారా? టిప్పు సుల్తాన్ మనుషులు ముక్కు కోసేసిన కావస్‌జీ అనే బండివాడికి, పుణె దగ్గర ఒక దేశీ వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. 1794లో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అతని బొమ్మ అచ్చేసింది. కొత్త ముక్కుతోపాటు నుదుటి మీది మచ్చనూ చూపించింది. ముక్కుసూటితనమంటే అదీ.

ఆ సూటితనం ఇప్పటికీ ఉంది, అయితే పిల్లర్ల మీద కాదు, ఉస్మానియాలాంటి సర్కారు దవాఖానాల్లో. కాలిన చర్మం బిగిసి గడ్డం ఛాతీకి అంటుకుపోయిన అమ్మాయికి అక్కడి సర్జను పాత మొహం తెచ్చిస్తానని చెప్పడు. ‘మెడ ఎత్తగలుగుతావమ్మా. తొడ మీద చర్మం తీస్తాం, అక్కడా మచ్చ ఉంటుంది. ఒక్కసారితో అవదు’ అంటాడు. గ్రహణమొర్రి బిడ్డ తల్లికి కూడా అంతే. పెదవి ముందు, అంగిలి తరవాత, పళ్లు, మాట ఆ తరవాత అని ఏళ్ల లెక్క చెబుతారు. గత్యంతరం లేనివాళ్లకేమో నిజం మొత్తం చెబుతారు. ఏ అవసరమూ లేకుండా డబ్బులిచ్చి కోయించుకునేవాళ్లకే అబద్ధం. ఈ తేడా జీఎస్టీ వాళ్లకి బాగా తెలుసు. పుట్టుకతో వచ్చిన లోపాన్నో దెబ్బనో సరిచేస్తే పన్ను లేదు, సోకుకైతే కట్టాల్సిందే. బీమా కంపెనీకీ తెలుసు. తెలియనిదల్లా కడుపు మాడ్చుకుని ఈఎంఐ కట్టేవాడికే.

కాబట్టి అయ్యా, అమ్మా, వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ‘ఎంత తగ్గిస్తారు’ అని బేరం మాత్రం ఆడకండి. కత్తి పట్టేది ఎవరు? ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేశారా? మత్తు డాక్టరు పక్కనే ఉంటారా? తేడా వస్తే చేర్చడానికి ఐసీయూ ఎక్కడుంది? రెండోసారి చేయాల్సొస్తే ఖర్చెవరిది? మచ్చ ఎక్కడ, ఎంత పొడుగు? ఇవి అడగండి. కౌన్సెలర్ మేడం నవ్వి, ‘ఆఫర్ ఈరోజే ఆఖరు సార్, అవన్నీ తరవాత మాట్లాడుకుందాం’ అంటే మారుమాట్లాడకుండా లేచి వచ్చెయ్యండి. ఆఫర్ పోతుందని బెంగపడొద్దు. ఆ ఊళ్లో అసలు మచ్చ పడనిది, ఎన్ని కోతలు కోసినా మళ్లీ మొలకెత్తేది అదొక్కటే.