పిట్టల నడుమ పుట్టగొడుగు రాయి

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక పెద్ద బండ ఉంది. కింద సన్నటి కాడ, పైన వెడల్పాటి గొడుగు. విద్యార్థులు దాన్ని ‘మష్రూమ్ రాక్’ అంటారు. ఇది ఆ రాయి ఆత్మకథే అయినా, అది తనను ‘నేను’ అని చెప్పుకోదు. దక్కను గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో ఒక ముక్క అయిన ఈ రాయికి తన ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోవడం కష్టం. అందుకే తన సంగతి కూడా పక్కవాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది. నిజానికి దాని దగ్గర ఉన్నవన్నీ పక్కవాళ్ల కబుర్లే. ఆ పక్కవాళ్లలో ఎక్కువమంది పిట్టలు.

రాయి పుట్టింది నేల మీద కాదు. భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం మెల్లగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు అరిగి కొట్టుకుపోయాక, మీది బరువు తగ్గి బండకు పగుళ్లు పడ్డాయి. వాన నీళ్లు ఆ పగుళ్లలోకి దిగి అంచులను గుండ్రంగా తిన్నాయి. నేలకు దగ్గరగా తేమ నిలిచే చోట రాయి త్వరగా మెత్తబడి పెచ్చులుగా రాలింది. ఎత్తున ఉన్న భాగం ఎండకు ఆరి గట్టిగా నిలిచింది. అలా గొడుగు తేలింది, గొడుగు కింద నీడ పడింది. మధ్యాహ్నపు ఎండకు తాళలేని ప్రాణులు ఆ నీడకు చేరాయి.

ఈ గుట్టల్లో రాయిని నిజంగా ఇల్లుగా వాడుకునేది గుడ్లగూబ. చెట్టు తొర్రలో ఉండే చిన్న పైడికంటి కాదు, చెవుల్లా నిక్కిన ఈకలూ, నారింజ రంగు కళ్లూ ఉండే పెద్దది. అది గూడు కట్టదు. పుల్ల కూడా పేర్చదు. బండ అరుగు మీద మట్టిని కాస్త గోకి, అక్కడే గుడ్లు పెడుతుంది. పొద్దు వాలాక గుట్ట కొన మీద కూర్చుని లోగొంతుతో రెండు అక్షరాల పిలుపు ఇస్తుంది. తిన్న ఎలుకల బొచ్చూ ఎముకలూ ఉండలుగా చుట్టి కక్కేస్తుంది. ఆ ఉండలను విప్పి చూస్తే చుట్టుపక్కల ఎన్ని రకాల ఎలుకలు తిరుగుతున్నాయో చెప్పవచ్చు. రాత్రి కూతకు భయపడి, అపశకునమని ఈ పక్షిని తరిమేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎలుకల నుంచి చుట్టుపక్కల పంటను కాపాడే పక్షిని తరమడం ఈ రాయికి ఎంత మాత్రం నచ్చని పని.

బండ సందుల్లో మరో కాపురం నల్లంచిది. మగది నల్లగా నిగనిగలాడుతూ తోక ఎప్పుడూ పైకెత్తి ఉంచుతుంది. తోక కింది తుప్పు రంగును బట్టి దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. సందులోనే గడ్డి పరకలూ వెంట్రుకలూ పరిచి పిల్లల్ని పెంచుతుంది. విశ్వవిద్యాలయం రాకముందు, రోడ్డు రాకముందు, ఇక్కడ పశువుల కాపరులు మాత్రమే తిరిగిన రోజుల్లోనూ దాని పద్ధతి ఇదే.

ఆ రోజుల్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆ ఫలితాలు 1930ల మొదట్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలు విడతలుగా అచ్చయ్యాయి. అప్పుడు గచ్చిబౌలి నగరం కాదు, నగరానికి చాలా అవతల ఉన్న పల్లె. 1974లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదటి తరగతులు అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచాయి. తర్వాతే చదువులు ఈ గుట్టల మధ్యకు వచ్చాయి. విశ్వవిద్యాలయానికి మొదట్లో దక్కిన నేల సుమారు 2,300 ఎకరాలు. భవనాలకు కావలసింది అందులో కొంతే. మిగతాది అలాగే ఉండిపోయింది. పక్షులకు కలిసొచ్చింది ఆ ఉండిపోవడమే.

ఇప్పుడు ఈ ఆవరణలో పరిశీలకులు నమోదు చేసిన పక్షి జాతులు రెండు వందలకు పైమాటే. చుట్టూ గాజు మేడలు, ఫ్లైఓవర్లు, ఐటీ కంపెనీలు. నడుమ ఇన్ని జాతులు. కొత్తగా చూడవచ్చిన వాళ్లు ముందు చెరువుల వైపు వెళ్తారు. బఫెలో లేక్, పీకాక్ లేక్ అని వాటికి పేర్లు. అక్కడ నీటి కాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ, మునుగుడు కోళ్లు ఒకచోట మునిగి మరోచోట తేలుతూ, గుడ్డి కొంగలు గట్టున కదలకుండా నిలబడి కనిపిస్తాయి. చూడటం తేలిక, ఫొటో తీయడం ఇంకా తేలిక. ఆ వైభవాన్ని ఈ రాయి కాదనదు. కానీ జాతుల లెక్క అంత పెద్దదవడానికి కారణం నీళ్లు ఒక్కటే కాదు. బండ, ముళ్ల పొద, ఎండిన గడ్డి, బోడి నేల, చెరువు, నాటిన తోపు అన్నీ కొద్ది నిమిషాల నడక దూరంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కో రకం నేల ఒక్కో రకం పిట్టను పోషిస్తుంది. ఏ ఒక్కటి తీసేసినా దాన్ని నమ్ముకున్న పిట్టకు పక్కదాంట్లో చోటు దొరకదు.

ఉదాహరణకు తీతువు. దానికి చెట్టు అక్కర్లేదు, పొద అక్కర్లేదు. ఏమీ లేదనిపించే నేలే కావాలి. గులకరాళ్ల మధ్య చిన్న పల్లం చేసి నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చలున్న ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోయి కాలు పక్కనే ఉన్నా కనిపించవు. వేసవిలో నేల కాలిపోతుంటే గుడ్లను పొదగడం కన్నా చల్లబరచడమే తల్లిదండ్రులకు పెద్ద పని. నీళ్ల దాకా వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. కుక్కో మనిషో దగ్గరికొస్తే అరుపులతో గుట్టలన్నీ హోరెత్తిస్తాయి. ఆ నేలను ‘బాగుచేసి’ పచ్చిక పరిచి గొట్టాలతో నీళ్లు చల్లితే చూపరులకు అందంగానే ఉంటుంది. తీతువు మాత్రం అక్కడ గుడ్డు పెట్టదు.

కౌజు పిట్టలదీ అంతే. తెల్లవారకముందే రేగు పొదల కింద నుంచి వాటి కూత గట్టిగా మొదలవుతుంది. హాస్టల్లో పరీక్షలకు చదివే పిల్లలకు అదే మేలుకొలుపు. మనిషి అడుగు దగ్గరపడితే ఎగరవు, పొదలోకి పరుగెడతాయి. పొద లేకపోతే వాటికి దాక్కునే దారే లేదు. జెముడుకాకి కూడా ఆ పొదల లోపలే పాకుతూ నత్తలనూ, తొండలనూ, బల్లులనూ ఏరుకుంటుంది. తుమ్మ, రేగు, బలుసు, సీతాఫలం కలిసి అల్లుకున్న ఆ పొదను రెవెన్యూ కళ్లతో చూస్తే ఖాళీ జాగా. రాయి కళ్లకు అది నిండు సంసారాలున్న వాడ.

జూన్‌లో మబ్బులు కమ్ముకోగానే చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, తల మీద కుచ్చు. వర్షాకాలంలో మన దేశానికి వచ్చే చాతకాల్లో చాలా భాగం తూర్పు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి రుతుపవనాలతో పాటు వస్తాయి. వాన చినుకు తప్ప మరో నీరు తాగదని కవులు దాన్ని తపస్విగా చెప్పారు. రాయి చూసిన చాతకం ఇంకో రకంగా గడుసుది. గుంపులుగా నేల మీద గెంతుతూ గోల చేసే సిద పిట్టల గూళ్లలో తన గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లను పెంచే చాకిరీ సిద పిట్టలది. అంటే చాతకానికి ముళ్ల పొదలు కావాలి, పొదల్లో సిద పిట్టలు కావాలి. ఆఫ్రికా నుంచి అంత దూరం ఎగిరొచ్చాక ఆ పొద లేకపోతే దాని ప్రయాణమంతా వృథా.

అదే వానల్లో గిజిగాళ్లు నీటి మీదికి వంగిన తుమ్మ కొమ్మలను ఎంచుకుంటాయి. మగవి గడ్డి ఆకుల అంచులు పొడవుగా చీల్చి తెచ్చి అల్లడం మొదలుపెడతాయి. గూడు సగమయ్యాక ఆడవి వచ్చి పరీక్షిస్తాయి. నచ్చితేనే కాపురం, నచ్చకపోతే మగవాడు మళ్లీ మొదటినుంచి. పొడవైన గడ్డి పెరగనిదే ఆ అల్లికకు నార లేదు.

దారిన పోయేవాళ్లూ ఉన్నారు. పొన్నంగి పిట్ట హిమాలయాల పాదాల దగ్గరా మధ్య భారతంలోనూ పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వెళ్తుంది. రాత్రిళ్లు ఎగురుతుంది. అక్టోబరు ప్రాంతంలో నగరాల్లో అలసిన పొన్నంగి పిట్ట ఎవరింటి వరండాలోనో దొరికిందన్న వార్త ఏటా వింటూనే ఉంటాం. ఊరంతా దీపాల వెలుగు, గాజు గోడలు. అంతటి ప్రయాణికుడికి ఒక పగలు దాక్కుని, రాలిన ఆకుల కింద పురుగులు ఏరుకోవడానికి చీకటైన తోపు ఒకటి కావాలి. ఈ ఆవరణలో అది ఇంకా ఉంది. చలికాలంలో చెరువు గట్టున జిట్టంగులు తోక ఊపుతూ నడుస్తాయి. మధ్య ఆసియా వైపు నుంచి గులాబీ గోరువంకలు గుంపులుగా దిగుతాయి. మోదుగ పూసే రోజుల్లో ఆ ఎర్రటి పూల తేనె కోసం అవి తేనెపిట్టలతోనూ, స్థానిక గోరువంకలతోనూ పోటీ పడతాయి.

ఇక పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ అదే రాష్ట్ర పక్షిగా ఉండేది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. కూర్చున్నప్పుడు గోధుమ రంగులో సాదాగా ఉంటుంది. రెక్క విప్పితే రెండు రకాల నీలం ఒక్కసారిగా మెరుస్తుంది. దసరా నాడు జమ్మికి మొక్కి పాలపిట్టను చూస్తే మంచిదని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి పండగ ముందు పాలపిట్టలను వల వేసి పట్టి, రెక్కలు కట్టి పంజరంలో తిప్పే వాళ్లున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. అటవీ శాఖ పట్టుకుని విడిపించిన పిట్టల్లోనూ నీరసించి చచ్చిపోయేవి ఉంటాయి. స్వేచ్ఛగా ఎగురుతున్న పిట్ట కనబడటంలోనే ఆ శుభమంతా ఉంది కదా అని రాయికి ప్రతి దసరాకీ బాధ. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు అత్యవసరంగా రక్షణ కావాలంది. తగ్గుతున్నవాటిలో పాలపిట్ట పేరు కూడా ఉంది. అదే నివేదికలో నెమళ్లూ కోకిలలూ పెరుగుతున్నాయి. తోటలకూ ఊళ్లకూ అలవాటుపడిన పిట్టలు నెగ్గుకొస్తుంటే, గడ్డి నేలలనూ విశాలమైన బయళ్లనూ నమ్ముకున్నవి ఓడిపోతున్నాయి. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని చూసేది బోడి నేల మీద కదిలే మిడతలనూ, పేడపురుగులనూ. ఎండిన చెట్టు తొర్రలో పిల్లల్ని పెడుతుంది. మనం మొదట శుభ్రం చేసేవి కూడా అవే, బోడి నేలా ఎండిన చెట్టూ.

2025 మార్చి 30న ఈ ఆవరణను ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి నేలకు బుల్డోజర్లు వచ్చాయి. అక్కడి 400 ఎకరాల నేల ఎవరిదన్న తగవు ఏళ్ల నుంచీ కోర్టుల్లో నలిగినదే. యంత్రాలు రాత్రింబగళ్లు నడిచాయి. నెమళ్ల అరుపులు హాస్టళ్ల దాకా వినిపించాయి. విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అదే నెలలో, నరికిన సుమారు 100 ఎకరాలను తిరిగి ఎలా పెంచుతారో చెప్పమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది. తీతువులు గుడ్లు పెట్టే కాలం, నేల మీద గూడు కట్టే పిట్టలన్నీ కదల్లేని కాలం అది. ఎన్ని గూళ్లు పోయాయో లెక్క రాసినవారు లేరు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం వైపు నుంచి ఇంకో మాట వినిపించింది. పుట్టగొడుగు రాయిని ముట్టుకోబోమని, అలాంటి బండలన్నిటినీ పచ్చటి చోట్లుగా కాపాడతామని. ఈ రాయి పేరు హైదరాబాద్ వారసత్వ శిలల జాబితాలో ముందే చేరింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, మౌలాలి దగ్గరి సెంటినల్ రాక్ వంటి వాటి సరసన. ఆ గౌరవం రాయికి ఇష్టమే. కానీ చుట్టూ పొద తీసి, నడుమ రాయిని ఉంచి, కంచె వేసి దీపం పెడితే అది వట్టి రాయి. గుడ్లగూబ బండ మీద నిద్రపోతుంది గానీ తినేది గడ్డిలో తిరిగే ఎలుకను. నల్లంచి గూడు సందులోనే, దాని పిల్లలు తినే పురుగులు మాత్రం పొదలోవి. గొడుగు నీడకు వచ్చే పిట్ట పొదలోంచి వస్తుంది, పొదలోకే వెళ్తుంది. రాయిని కాపాడాలంటే దాని చుట్టూ పిట్టలు ఒక పూట ఎగిరి తిరిగేంత నేలను కూడా కలిపి కాపాడాలి. ఈ రాయి తన గురించి అడిగేది ఇదొక్కటే.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతా కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో పక్షుల గణన జరుగుతుంది. ప్రపంచమంతా ఒకేసారి చేసే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’లో ఇది భాగం. పద్ధతి తేలిక. ఒక చోట కనీసం 15 నిమిషాలు నిలబడి, కనిపించినవీ వినిపించినవీ రాసుకుని, ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. బైనాక్యులర్లు వేసుకుని వచ్చే పిల్లలు తెల్లవారగానే చెరువు గట్టుకు వెళ్తారు. వెళ్లాలి కూడా. ఆ తర్వాత బండల మధ్య ఒక పావుగంట, రేగు పొదల్లో ఒక పావుగంట, ఎండిన గడ్డిలో ఒక పావుగంట వేరువేరు జాబితాలు రాస్తే, ఏ పిట్ట ఏ నేలది అన్నది కాగితం మీదికి వస్తుంది. రేపు ఏ కోర్టులోనైనా, ఏ భవనం ప్లాను ముందైనా చూపించగల కాగితం అది. పొద్దు గుంకాక కూడా ఒక జాబితా మొదలుపెట్టాలి, గుడ్లగూబ పగటి లెక్కలోకి రాదు కాబట్టి.