మా రోజుల్లో ‘ఐ’ వేరు, ‘మి’ వేరు

ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు గలగలా మాట్లాడతారు. కాదనను. మా పుదుచ్చేరి కదిర్కామంలో వళుదావూర్ రోడ్డు మీద ఇందిరాగాంధీ మెడికల్ కాలేజీ గేటు దగ్గర కాసేపు నిలబడండి. యానాం నుంచి వచ్చిన తెలుగు పిల్లలు, కారైకాల్ పిల్లలు, ఇక్కడి పాండి పిల్లలు కలిసి ఇంగ్లీషులోనే కబుర్లాడుకుంటూ పోతుంటారు. మా తరానికి అంత ధారాళం లేదు. కానీ వాళ్ళలో ఒకరు ‘మి అండ్ మై ఫ్రెండ్ వెంట్’ అంటారు, ఇంకొకరు ‘షి గేవ్ ఇట్ టు మై సిస్టర్ అండ్ ఐ’ అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ‘ఐ’ ఎక్కడ రావాలో, ‘మి’ ఎక్కడ రావాలో తెలియని ధారాళం ఏం ధారాళం? ఇక లేచి తన పేరు చెప్పమంటే ‘మైసెల్ఫ్ ఫలానా’. ఈ ‘మైసెల్ఫ్’ జబ్బు ఉద్యోగాల ఇంటర్వ్యూల దాకా పాకింది.

తప్పు పిల్లలది కాదు. వాళ్ళకు ఆ తేడా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

నా హైస్కూలు చదువు యానాంలో, 1960లలో. ఫ్రెంచి పాలన 1954లో పోయింది గానీ ఫ్రెంచి వచ్చిన పెద్దలు ఊళ్ళో ఇంకా ఉండేవారు. మాకు ఇంగ్లీషు కాస్త ఆలస్యంగానే మొదలైంది. సర్వనామాల పాఠం వచ్చిన రోజున మా మేష్టారు బోర్డు మీద ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాయలేదు. ‘నేను, నన్ను, నాకు’ అని రాశారు. దాని కింద ‘వాడు, వాణ్ణి, వాడికి’. చాక్‌పీసు పక్కన పెట్టి ముందు బెంచీలో ఒకణ్ణి లేపారు.

“ఏరా, పులి నేను చూసింది అంటావా?”

“అననండి.”

“మరేమంటావు?”

“పులి నన్ను చూసింది అంటానండి.”

“ఎందుకని?”

వాడు నోరు విప్పలేదు. అంతకు ముందు పీరియడ్‌లోనే తెలుగు మేష్టారు డుమువులతో మొదలుపెట్టి సంబోధన దాకా విభక్తులు వల్లె వేయించి వెళ్ళారు. వల్లించినదానికీ ఈ ప్రశ్నకూ సంబంధం ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. మేష్టారే చెప్పారు: “పని చేసేవాడు ప్రథమ. పని ఎవడి మీద పడిందో వాడు ద్వితీయ. నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, పేరే తెలియదు.” ఆ తర్వాతే నేను ఎదురుగా ‘ఐ’, నన్ను ఎదురుగా ‘మి’ రాశారు. నాకు ఎదురుగా మళ్ళీ ‘మి’యే రాశారు. నాతో, నాకోసం, నామీద అన్నప్పుడు కూడా ‘మి’యే, ముందు ఒక విత్తో, ఫరో, ఆనో చేరుతుంది, అంతే. మన భాషలో ఇన్ని రూపాలు తప్పు లేకుండా వాడే పిల్లవాడికి ఇంగ్లీషులో రెండు రూపాలు కష్టమా? నలభై నిమిషాల్లో క్లాసు మొత్తానికి అర్థమైంది.

ఇంగ్లీషు సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకు కూడా విభక్తి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో చాలావరకు రాలిపోయాయి. ఇప్పుడు రాముడు సీతను చూశాడన్నా, సీత రాముణ్ణి చూసిందన్నా ఆ పేర్ల రూపం మారదు. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకున్నారు అన్నదే చూసిందెవరో చెబుతుంది. సర్వనామాలు మాత్రం పాత పద్ధతిని వదల్లేదు. ఐ–మి, హి–హిమ్, షి–హర్, వి–అస్, దే–దెమ్. తెలుగువాడికి ఇంగ్లీషులో ఇంటి వాతావరణం కనిపించే చోటు ఇదొక్కటే. మా మేష్టారు ఆ తలుపు లోంచే మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. ఇప్పటివాళ్ళు దానికి తాళం వేశారు.

ఇద్దరు కలిసి వచ్చే వాక్యాలకు ఆయన దగ్గర మరో ఉపాయం ఉండేది. ‘షి గేవ్ ఇట్ టు మై సిస్టర్ అండ్ ఐ’ అని పూర్తిగా రాసి, ‘మై సిస్టర్ అండ్’ అన్న ముక్క మీద అరచెయ్యి పెట్టి మూసేసేవారు. మిగిలింది చదవమనేవారు. ‘షి గేవ్ ఇట్ టు ఐ’ అని చదవగానే మాకే ఎబ్బెట్టుగా వినిపించేది. చెయ్యి తీసి ‘ఐ’ తుడిచి ‘మి’ రాసేవారు. ‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అన్నది ఇంగ్లండులో, అమెరికాలో చదువుకున్నవాళ్ళు సైతం చేసే తప్పు. మాకు ఆ తప్పు రాలేదు. నీకూ నాకూ మధ్య అంటామే గానీ నీకూ నేనూ మధ్య అని ఎవరంటారు?

తెలుగు దారి తప్పించే చోట్లు కూడా ఉన్నాయి. వాటిని ఆయన విడిగా, ఇంకా గట్టిగా చెప్పేవారు. నాకు ఆకలేస్తోంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు తమ్ముళ్ళు. ఇవన్నీ మనకు ‘నాకు’తో నడుస్తాయి, ఇంగ్లీషుకు ‘ఐ’ కావాలి. ఈ జాబితా నోటుపుస్తకం చివరి పేజీలో రాయించి, వారానికోసారి అప్పగించుకునేవారు. ఇప్పుడు మా ఇంటికి ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి పిల్లలు ‘ఫర్ మి టూ బ్రదర్స్ ఆర్ దేర్’ అని రాస్తారు. గౌరవానికి వారు అనే అలవాటు కొద్దీ ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫిషర్‌మన్, దే గో టు ద సీ’ అని రాస్తారు. స్కూల్లో ఆ వాక్యానికి ఎర్ర సిరా గీత పడింది, మార్కు పోయింది. ఎందుకు తప్పో ఒక్క మాట రాయలేదు. నాన్న గురించి మర్యాదగా చెప్పుకున్న పిల్లవాడికి అది ఎందుకు తప్పయిందో చెప్పాల్సిన బాధ్యత లేదా? (ఇప్పుడు ఇంగ్లీషులో కూడా ఒక్క మనిషిని ‘దే’ అనడం పెరిగింది. 2019లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది. ఎవరు ఎలా పిలవమంటే అలా పిలవడం మర్యాద, నాకు అభ్యంతరం లేదు. మన పిల్లవాడు రాసింది ఆ అర్థంలో కాదు.)

కదిర్కామంలో నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తమిళ పిల్లలే ఎక్కువ. వాళ్ళకు నాన్, ఎన్నై, ఎనక్కు అని రాసి చూపిస్తాను. అదే వెలుగు వాళ్ళ ముఖాల్లోనూ కనిపిస్తుంది. యానాం నుంచి ఇక్కడికి 800 కిలోమీటర్ల పైనే, అయినా పద్ధతి ఒకటే పనిచేస్తుంది.

ఇది ఎలా చెడింది? మద్రాసు వైపు 1950లలోనే స్ట్రక్చరల్ పద్ధతి అని వచ్చింది. వాక్యాల మూసలు వల్లె వేయించడం, తెలుగు వాడకపోవడం. తర్వాత బెంగళూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ తోడ్పాటుతో ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా దక్షిణాదిలో కొన్ని బడుల్లో ప్రయోగం చేశారు. వ్యాకరణం విడిగా చెప్పకుండా, పిల్లల చేత బుర్ర పెట్టే పనులు చేయిస్తే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన ఆలోచన. ప్రభు గారు ఆషామాషీ మనిషి కాదు, ప్రపంచమంతా ఆయన్ను చదువుతుంది. కానీ ఆ ఆలోచనలో నుంచి మనవాళ్ళు ‘వ్యాకరణం చెప్పక్కర్లేదు’ అన్న ముక్క పట్టుకున్నారు, ‘బుర్ర పెట్టించాలి’ అన్న ముక్క వదిలేశారు. మిగిలింది ఖాళీలు పూరించడం, నాలుగింటిలో ఒకటి టిక్కు పెట్టడం.

మా పుదుచ్చేరిలో 2023 దాకా పై తరగతుల్లో యానాం బడులు ఆంధ్రా సిలబస్, పాండి, కారైకాల్ బడులు తమిళనాడు సిలబస్, మాహే బడులు కేరళ సిలబస్ చదివేవి. ఆ ఏడు ప్రభుత్వ బడుల్లో ఆ తరగతులను సీబీఎస్ఈలోకి మార్చడం మొదలైంది. పదో తరగతి ఇంగ్లీషులో 80 మార్కుల పరీక్షకు వ్యాకరణం వాటా 10. ఆ వ్యాకరణంలో చేర్చినవి టెన్సులు, మోడల్స్, కర్తా క్రియల పొందిక, రిపోర్టెడ్ స్పీచ్, డిటర్మినర్లు. సర్వనామాల విభక్తి పేరే లేదు. పరీక్షలో లేనిదాన్ని ఈ రోజుల్లో ఎవరు చెబుతారు, ఎవరు వింటారు? మాకు రెన్ అండ్ మార్టిన్ ఉండేది. 1930లలో ఇద్దరు ఇంగ్లీషు దొరలు రాసిన ఆ పుస్తకాన్ని తర్వాత సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు గారు. అందులో సర్వనామాలకు అధ్యాయాలకు అధ్యాయాలే ఉన్నాయి. మేం అభ్యాసాలు ఒక్కటి వదలకుండా చేశాం.

అన్ని పాత నియమాలనూ నేను మొయ్యమనడం లేదు. తలుపు కొట్టినవాడు ‘ఇట్ ఈజ్ ఐ’ అనాలని పాత పంతుళ్ళు పట్టుబట్టేవారు. ఇంగ్లీషువాళ్ళు ‘ఇట్స్ మి’ అంటారు, పాండిలో ఫ్రెంచి చదివిన ఏ పెద్దాయన్నడిగినా ‘సె మువా’ అంటారు, అందులోనూ ప్రథమ లేదు. అది వదిలేయండి. ‘హూమ్’ సంగతి కూడా అంతే. ఎడ్వర్డ్ సపీర్ అనే అమెరికా భాషా పండితుడు 1921లోనే ఈ రూపం మాటల్లోంచి పోతుందని రాశాడు, పోతోంది. ఉత్తరాల్లో, వ్యాసాల్లో తెలిసి ఉంటే చాలు. కానీ ‘ఐ’, ‘మి’ అలా పోయేవి కావు. ఉద్యోగానికి రాసే దరఖాస్తు మొదటి పేరాలోనే అవి బయటపడతాయి, అక్కడే మనిషిని తూచేస్తారు. పేదింటి పిల్లవాడికే ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది, ఇంట్లో దిద్దేవాళ్ళు ఉండరు కనక.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు. ఒక బడిలో మా బంధువుల పిల్లకు అలా వేశారు. ఆ పిల్ల చేసిన నేరం, ‘హిమ్ అంటే వాణ్ణేనా టీచర్’ అని అడగడం. అంతకంటే మంచి ప్రశ్న ఆ క్లాసులో ఆ ఏడాదంతా ఎవరైనా అడిగి ఉంటారా?

యానాంలోనూ, గోదావరి జిల్లాల్లోనూ, ఎక్కడెక్కడ తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నారో అక్కడి మేష్టార్లకు, టీచరమ్మలకు నా మనవి ఇదొక్కటే. సిలబస్‌లో లేకపోయినా జూన్‌లో ఒక్క పీరియడ్ దీనికి కేటాయించండి. ముందు తెలుగులో నేను, నన్ను, నాకు అని బోర్డు మీద రాయండి. పిల్లల చేతే తేడా చెప్పించండి. ఆ తర్వాతే ‘ఐ’ రాయండి.