వారసత్వపు వకీలు

జావా రాసే ఆఫీసులో ఒక వారసత్వపు వకీలు ఉండితీరతాడు. ఇంటీజర్ నంబరే అయినప్పుడు ఇంటీజర్ల లిస్టు నంబర్ల లిస్టు ఎందుకు కాదన్నది కంపైలర్ మీద అతని తెగని వ్యాజ్యం. అమీర్‌పేట నోట్సులో ‘ఈజ్ ఎ’ సంబంధం కింద రెండు గీతలు గీసుకున్న మనిషి, ఊరికే ఒప్పుకుంటాడా? అయితే అతన్ని తెలివితక్కువవాడనడం అన్యాయం. ఆ వాదన అతనికి నూరిపోసింది జావానే. 1996 నాటి తొలి జావాలో జెనరిక్స్ లేవు. ఏ ఎరే ఇచ్చినా ఒకే మెథడ్ పనిచేయాలంటే స్ట్రింగుల ఎరే ఆబ్జెక్టుల ఎరేగా చెల్లాల్సి వచ్చింది. ఫలితంగా ఇంటీజర్ల ఎరేని నంబర్ల ఎరేగా చూపించి అందులో 3.5 వేస్తే కంపైలర్ నోరు మెదపదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఎరే స్టోర్ ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది. శాకాహారం వండే గిన్నెను ‘ఏ వంటకైనా సరే’ అని అరువిచ్చాక, తీసుకున్నవాడు అందులో నాటుకోడి వండితే తప్పెవరిది? 2004లో జావా 5 జెనరిక్స్ తెచ్చినప్పుడు లిస్టులకు మాత్రం ఈ అరువు బేరం ఆపేశారు. ఆపక తప్పదు కూడా. ఎరేకి తన టైపు గుర్తుంటుంది. లిస్టుకి కంపైల్ అయ్యాక ఇంటీజర్ అన్న మాటే చెరిగిపోతుంది. దొంగను పట్టగలిగేది కంపైలర్ ఒక్కటే.

‘నేను చదువుకుంటానంతే, ఏమీ వేయను’ అంటాడు వకీలు. న్యాయమైన మాట, వైల్డ్‌కార్డుతో ‘ఎక్స్‌టెండ్స్ నంబర్’ అని రాయడం అందుకే. సంతోషంగా రాస్తాడు, మరుసటి లైన్లోనే యాడ్ అంటాడు. కంపైలర్ కాదంటుంది (నల్ వేయొచ్చు, ఎవరిని ఉద్ధరించడానికో!). ‘డార్ట్ భాష ఒప్పుకుంటుందిగా’ అన్నది అతని చివరి అస్త్రం. ఒప్పుకునే మాట నిజమే, కానీ తనిఖీని ప్రోగ్రాం నడిచే వేళకు వాయిదా వేస్తుంది, అప్పుడు 3.5 వేయబోతే ఎర్రర్ ఇస్తుంది. వాయిదా అంటే గెలుపని అనుకోవడం వకీళ్లకు అలవాటే కాబట్టి, ఇక్కడ మాత్రం అతన్ని ఒప్పించడం కష్టం.

కంపైలర్ ఎలాగూ వినదు, అందుకే వాదన మాని చేతివాటం చూపిస్తాడు. లిస్టుకున్న యాంగిల్ బ్రాకెట్లు పీకేసి, పైన సప్రెస్ వార్నింగ్స్ తగిలించి, నంబర్ల లిస్టు అనిపించి 3.5 వేసేస్తాడు. అక్కడ ఏమీ పేలదు. ఎక్కడో ఆ లిస్టులోంచి అమాయకంగా ఇంటీజర్ తీసుకునే వేరే వాళ్ల లైన్లో క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ పేలుతుంది. వకీలు స్టాక్ ట్రేస్ తెరిచి, తన ఫైలు పేరు అందులో లేదని రెండుసార్లు చూసుకుని, ఆ లైను రాసినవాళ్ల పేరు మీద టికెట్ వేస్తాడు.